పారిస్ శివారు పట్టణాల్లో సమకాలీన కళను చూడటం ఎలా? ఒక సమగ్ర మార్గదర్శి

పారిస్ నగరానికీ దాని శివారు పట్టణాలకూ మధ్య సరిహద్దుగా పెరిఫెరిక్ అనే రింగు రోడ్డు ఉంది. 1973లో పూర్తయిన ఈ రోడ్డును పర్యాటకుల్లో చాలామంది దాటేది విమానాశ్రయానికి వెళ్లేటప్పుడో, వెర్సాయ్ రాజభవనం చూడబోయేటప్పుడో మాత్రమే. సమకాలీన కళ మీద ఆసక్తి ఉన్నవారు సైతం నగరం నడిబొడ్డున ‘మారే’ (Marais) అనే పేటలోని గ్యాలరీలు నాలుగు చూసి, పారిస్‌లో చూడవలసింది చూసేశామనుకుంటారు. నగరంలోని ప్రధాన ఆధునిక కళా మ్యూజియమైన పాంపిడూ సెంటర్ 2025లో మరమ్మతుల కోసం మూతపడి, 2030లో గాని తిరిగి తెరుచుకోని పరిస్థితి ఉండడంతో, రింగు రోడ్డుకు అవతల ఏముందో తెలుసుకోవలసిన అవసరం ఇప్పుడు మరింత పెరిగింది. పాత కర్మాగారాల్లో, విమానాశ్రయపు షెడ్డులో, మున్సిపాలిటీ కట్టించిన భవన సముదాయాల్లో, ఒకప్పటి నోటరీ ఇంట్లో కూడా అక్కడ ప్రదర్శనలు జరుగుతున్నాయి.

ఫ్రెంచి భాష రాకపోయినా, చేతిలో ఒక రోజో ఒక పూటో ఖాళీ ఉన్నవారు ఈ స్థలాలను ఎలా ఎంచుకోవాలో, ఎలా చేరుకోవాలో, చేరాక ఎలా చూడాలో ఇక్కడ క్రమంగా వివరిస్తాను. శివారు గ్యాలరీ యాత్ర చెడిపోయేది చాలావరకు కళ అర్థం కాకపోవడం వల్ల కాదు, మూసిన తలుపు ముందు నిలబడవలసి రావడం వల్ల. అందుకే ఈ మార్గదర్శిలో సగభాగం ప్రయాణానికి ముందు చేయవలసిన పనుల గురించే ఉంటుంది.

మొదటి మెట్టు: ఏ రకం స్థలానికి వెళ్తున్నారో తెలుసుకోండి

శివార్లలో కళను చూపించే స్థలాలు ప్రధానంగా నాలుగు రకాలు. వాటి పనివేళలు, ప్రవేశ నియమాలు, లోపల మీకు దొరికే సహాయం కూడా ఈ రకాన్ని బట్టే మారతాయి.

మొదటివి ప్రైవేటు గ్యాలరీలు. ఇవి కళాకృతులను అమ్మే వ్యాపార సంస్థలు. ప్రవేశానికి రుసుము ఉండదు, కొనాలన్న ఒత్తిడీ ఉండదు. పాంతెన్‌లోని తాడేయస్ రోపాక్ గ్యాలరీ, లె బూర్జేలోని గగోసియన్ గ్యాలరీ ఈ కోవకు చెందినవి. రెండూ 2012 అక్టోబరులో తెరుచుకున్నాయి. రెండూ జర్మన్ చిత్రకారుడు ఆన్సెల్మ్ కీఫర్ కృతులతోనే ప్రారంభం కావడం వెనుక ఒక కారణం కనిపిస్తుంది. సీసపు రేకులు, గడ్డి, బూడిద, పొద్దుతిరుగుడు గింజలు కలిపి కీఫర్ తయారుచేసే భారీ చిత్రాలను నిలబెట్టాలంటే ఎత్తయిన కప్పు కావాలి, లారీ లోపలికి రాగల తలుపు కావాలి, టన్నుల బరువు మోయగల నేల కావాలి. నగరం నడిబొడ్డున ఉన్న పాత భవనాల్లో ఈ మూడూ ఒకచోట దొరకడం కష్టం. కీఫర్ తన స్టూడియోను సైతం నగరానికి తూర్పున ఉన్న క్రోసీ బోబూర్‌లో, ఒక డిపార్ట్‌మెంట్ స్టోరు పాత గోదాములో పెట్టుకున్నారు.

రెండవవి ప్రభుత్వ నిధులతో నడిచే కళాకేంద్రాలు. వీటికి సొంత సేకరణ ఉండదు. ఎప్పటికప్పుడు కళాకారులను పిలిచి కొత్త పని చేయించి చూపిస్తాయి. ఇవ్రీలోని క్రెడాక్ 1987 నుంచి, న్వాజీ లె సెక్‌లోని లా గ్యాలరీ 1999 నుంచి ఇలా నడుస్తున్నాయి. పేరులో గ్యాలరీ అని ఉన్నా రెండవది అమ్మకాలు జరిపే చోటు కాదు. ఒకప్పటి నోటరీ నివాసంలో ఉన్న కళాకేంద్రం అది.

మూడవ రకంగా చెప్పదగిన మ్యూజియం ఒకటి ఉంది. విత్రీ పట్టణంలోని మాక్ వాల్ మ్యూజియం 2005 నవంబరులో తెరుచుకుంది. వాల్ ద మార్న్ జిల్లా పాలకమండలి 1982 నుంచి కొంటూ వచ్చిన సేకరణకు అది ఇల్లు. 1950ల నుంచి ఫ్రాన్స్‌లో పనిచేసిన కళాకారుల మీద దృష్టి పెట్టిన సేకరణ ఇది. పెద్ద మ్యూజియాలలోని జనసందోహం లేకుండా ఫ్రెంచి సమకాలీన కళ ఎలా నడిచిందో తెలుసుకోవాలంటే, శివార్లలో మొదటిసారి అడుగుపెట్టేవారికి నా సలహా ఇదే.

నాలుగవవి ఫ్రాక్ అని పిలిచే ప్రాంతీయ సమకాలీన కళా నిధులు. 1982 నుంచి ఫ్రాన్స్‌లోని ఒక్కో ప్రాంతానికి ఒక్కో నిధిగా ఇవి ఏర్పడ్డాయి. కొన్న కృతులను ఒకేచోట ఉంచకుండా బడులకు, ఆసుపత్రులకు, మున్సిపల్ భవనాలకు తిప్పడం వీటి ప్రత్యేకత. పారిస్, దాని శివార్లు ఉన్న ఈల్ ద ఫ్రాన్స్ ప్రాంతపు ఫ్రాక్ 2021లో రొమెన్‌విల్‌లో తన భాండాగారాన్ని తెరిచింది. కళాకృతులు ప్రదర్శనలో లేనప్పుడు ఎలా భద్రపరచి ఉంటాయో సాధారణంగా మనకు కనిపించదు కాబట్టి, ఈ స్థలం మిగతావాటికంటే భిన్నంగా ఉంటుంది.

రెండవ మెట్టు: ఒక రోజుకు ఒకే దిశ ఎంచుకోండి

శివార్ల రవాణా చక్రపు ఆకుల్లా నగరం మధ్య నుంచి బయటికి విస్తరించింది. ఒక శివారు నుంచి మరో శివారుకు అడ్డంగా వెళ్లే మార్గాలు ఇంకా పూర్తిగా సిద్ధం కాలేదు. అందువల్ల ఉదయం లె బూర్జే, మధ్యాహ్నం విత్రీ అని పథకం వేసుకుంటే రోజంతా రైళ్లలోనే గడిచిపోతుంది. కింది మూడు దిశల్లో ఒకదాన్ని ఎంచుకొని, ఆ రోజుకు మిగతావాటిని మరచిపోవడం మేలు.

ఈశాన్య దిశ: పాంతెన్, రొమెన్‌విల్. ప్రైవేటు గ్యాలరీల మీద ఆసక్తి ఉన్నవారికి ఇదే ఉత్తమం. పాంతెన్‌లోని రోపాక్ గ్యాలరీ ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ల నాటి బాయిలర్ల తయారీ కర్మాగారంలో ఉంది. ఎత్తయిన హాళ్లు ఒకదాని పక్కన ఒకటిగా వరుసదీరి ఉంటాయి. కప్పు అద్దాల నుంచి పడే పగటి వెలుగు మబ్బు కమ్మినప్పుడు ఒకలా, ఎండ కాసినప్పుడు మరోలా ఉంటుంది. కాబట్టి ఒకే చిత్రాన్ని హాలులోకి వచ్చేటప్పుడు ఒకసారి, వెళ్లేటప్పుడు ఒకసారి చూడండి. నగరాన్ని శివార్లతో కలిపే ఆర్‌ఈఆర్ రైళ్లలో ‘ఈ’ (E) లైనులోని పాంతెన్ స్టేషను నుంచి గాని, మెట్రో 7వ లైనులోని ఓబెర్‌విల్యే పాంతెన్ కాత్ర్ షెమెన్ స్టేషను నుంచి గాని నడచి చేరుకోవచ్చు.

అక్కడి నుంచి రొమెన్‌విల్‌కు వెళ్లడానికి మెట్రో 5వ లైనులో బోబిన్యీ పాంతెన్ రేమోన్ కెనో స్టేషను దగ్గర దిగవచ్చు. నడకకు ఓపిక ఉన్నవారికి ఉర్క్ కాలువ గట్టు ఇంకా మంచి దారి. నెపోలియన్ కాలంలో, 1802 ఆదేశంతో తవ్వకం మొదలైన ఈ కాలువ పాంతెన్ నుంచి రొమెన్‌విల్ వైపు సాగుతుంది. దారిలో గోదాములు, కాంక్రీటు మిల్లులు, కొత్త అపార్టుమెంట్లు పక్కపక్కనే కనిపిస్తాయి. పరిశ్రమ ఖాళీ చేసిన చోట కళ ఎందుకు చేరిందో ఆ నడకలోనే సగం అర్థమవుతుంది. రొమెన్‌విల్‌లోని కళా సముదాయం రూసెల్ యూక్లాఫ్ అనే ఔషధ సంస్థకు చెందిన పాత ప్రాంగణంలో ఉంది. ఫిమిన్కో ఫౌండేషన్ 2019లో దీన్ని తెరిచింది. ప్రపంచం నలుమూలల కళాకారులకు ఇక్కడ నివాసమూ, పనిచేసే చోటూ ఇస్తారు. ఆ సంవత్సరమే జోసెలిన్ వోల్ఫ్, ఇన్ సితూ ఫాబియెన్ లెక్లెర్, సాతోర్ వంటి గ్యాలరీలు ఈ ప్రాంగణంలోకి వచ్చాయి. ఇటువంటి సముదాయాల్లో గ్యాలరీలు వస్తుంటాయి, వెళ్తుంటాయి కాబట్టి, ప్రస్తుతం ఎవరెవరు ఉన్నారో బయలుదేరే ముందు చూసుకోవాలి. ఫ్రాక్ భాండాగారం కూడా ఇదే ఆవరణలో ఉండడం వల్ల, ఒక్క పూటలో ప్రైవేటు గ్యాలరీనీ ప్రభుత్వ సేకరణనూ పక్కపక్కన పోల్చి చూడగల అవకాశం ఇక్కడ ఉంటుంది.

ఆగ్నేయ దిశ: ఇవ్రీ, విత్రీ. ఇది ప్రభుత్వ కళాసంస్థల దారి. మెట్రో 7వ లైను చివరి స్టేషను మెరీ దివ్రీ దగ్గర దిగి పైకి రాగానే, నక్షత్రపు కొనల్లాంటి మూలలతో, ప్రతి అంతస్తులోనూ మొక్కలు పెరిగిన డాబాలతో కాంక్రీటు ఇళ్ల సముదాయం కనిపిస్తుంది. వాస్తుశిల్పులు ఝాన్ రెనోదీ, రెనే గైయూస్తే 1970లలో కట్టిన పేదల, మధ్యతరగతి వారి నివాసాలివి. క్రెడాక్ మొదట ఈ సముదాయపు కింది అంతస్తుల్లోనే ఉండేది. 2011లో మానుఫాక్త్యూర్ దేజెయ్యే అనే పాత కర్మాగారంలోకి మారింది. బూట్లకూ దుస్తులకూ తాడు దూర్చే లోహపు కళ్లు తయారైన చోటు అది. అమెరికన్ కర్మాగారాల నమూనాలో 1913లో కట్టిన ఆ భవనానికి గోడలకంటే కిటికీలే ఎక్కువనిపిస్తుంది. చాలామంది కళాకారులు ఆ వెలుగును తమ ప్రదర్శనలో భాగంగా లెక్కలోకి తీసుకుంటారు. ప్రవేశం ఉచితం.

విత్రీకి పోర్త్ ద ష్వాజీ దగ్గర 2021లో మొదలైన టీ9 ట్రాము ఎక్కి, మాక్ వాల్ పేరుతోనే ఉన్న స్టాపులో దిగాలి. దిగగానే కూడలి మధ్యలో ఫ్రెంచి కళాకారుడు ఝాన్ దుబ్యూఫే శిల్పం ‘పొగగొట్టంతో బాయిలర్ గది’ నిలబడి ఉంటుంది. దాని ఎత్తు 14 మీటర్లు. తెల్లటి ఉపరితలం మీద దట్టమైన నల్ల గీతలు, వాటి మధ్య ఎరుపు, నీలం ముక్కలు. చుట్టూ బస్సులు, లారీలు, స్కూటర్లు తిరుగుతూ ఉంటాయి. దుబ్యూఫే 1985లో మరణించాక, 1996లో దీన్ని ఇక్కడ నెలకొల్పారు. దాన్ని కూడలికి ఒకవైపు నుంచి చూసి వదిలేయకుండా, జీబ్రా క్రాసింగుల మీదుగా పూర్తిగా చుట్టి రావాలి. ఒకవైపు కోటలా ముద్దగా కనిపించేది, మరోవైపు నుంచి చూస్తే గొట్టం వేరై పైకి లేస్తుంది. విత్రీ మున్సిపాలిటీ దశాబ్దాలుగా బహిరంగ స్థలాల్లో కళాకృతులు పెట్టిస్తూ వచ్చింది. గోడచిత్రాలకూ ఈ పట్టణం ప్రసిద్ధి. అందుకే మ్యూజియం చూశాక నేరుగా ట్రాము ఎక్కకుండా ఒక గంట వీధుల్లో నడవడం వృథా కాదు.

ఉత్తర దిశ: లె బూర్జే. గగోసియన్ గ్యాలరీ ఇక్కడ 1950ల నాటి ఒక షెడ్డులో ఉంది. దాన్ని గ్యాలరీగా మలచినది వాస్తుశిల్పి ఝాన్ నూవెల్. ఇది ప్రైవేటు విమానాలు దిగే విమానాశ్రయపు ఆవరణ. కొనుగోలుదారుడు విమానం దిగి నేరుగా గ్యాలరీకి వెళ్లవచ్చన్న వ్యాఖ్య అప్పట్లో వినిపించింది. మనలాంటి వారికి ఆర్‌ఈఆర్ బి లైనులో లె బూర్జే స్టేషను, అక్కడి నుంచి బస్సే గతి. ఒక్క గ్యాలరీ కోసం ఇంత దూరం వెళ్లడం అందరికీ నచ్చకపోవచ్చు. 1927లో అమెరికన్ విమాన చోదకుడు లిండ్‌బర్గ్ అట్లాంటిక్ దాటి దిగిన ఈ విమానాశ్రయంలోనే వైమానిక, అంతరిక్ష మ్యూజియం ఉంది కాబట్టి, రెండూ కలిపి చూస్తే రోజు నిండుతుంది.

ఇంకా దూరం పోదలచినవారికి ఆర్‌ఈఆర్ ‘ఏ’ (A) లైనులో న్వాజ్యెల్ ఉంది. అక్కడ మెన్యే చాక్లెట్ పరిశ్రమ కుటుంబానికి చెందిన పాత వ్యవసాయ క్షేత్రంలో ఫెర్మ్ ద్యు బ్విసోన్ కళాకేంద్రం నడుస్తోంది. ఆర్‌ఈఆర్ సి లైనులో బ్రెతిన్యీ కళాకేంద్రం కూడా ఉంది. ఇవి రెండవసారి వచ్చినప్పుడు చూడవలసినవని నా అభిప్రాయం.

మూడవ మెట్టు: రోజును, వేళను నిర్ణయించుకోండి

ప్రైవేటు గ్యాలరీలు సాధారణంగా మంగళవారం నుంచి శనివారం వరకు తెరిచి ఉంటాయి. ఆది, సోమవారాల్లో మూసి ఉంటాయి. కళాకేంద్రాలు ఎక్కువగా బుధవారం నుంచి ఆదివారం వరకు, అదీ మధ్యాహ్నం పూటే తెరుస్తాయి. మాక్ వాల్‌కు సోమవారం సెలవు. ఈ మూడు రకాల వేళలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే, వారాంతంలో అన్నీ కలిసే సమయం శనివారం మధ్యాహ్నం ఒక్కటే అని తేలుతుంది. వారాంతంలో ఒకే పూట కేటాయించగలిగితే అది శనివారం మధ్యాహ్నమే కావాలి. ఆదివారం తప్ప వీలు కానివారు ఆగ్నేయ దిశకు వెళ్లాలి. అది నెలలో మొదటి ఆదివారమైతే మాక్ వాల్ ప్రవేశం అందరికీ ఉచితం.

ఆగస్టులో ఈ యాత్ర పెట్టుకోవద్దు. ఆ నెలలో గ్యాలరీలు దాదాపు అన్నీ మూతపడతాయి, కళాకేంద్రాలదీ అదే తీరు. సెప్టెంబరు నుంచి కొత్త సీజను మొదలవుతుంది. అక్టోబరులో ఆర్ట్ బాసెల్ పారిస్ అనే కళా సంత జరిగే వారంలో ప్రపంచవ్యాప్తంగా కొనుగోలుదారులు నగరానికి వస్తారు కాబట్టి, శివారు గ్యాలరీలు తమ ఏడాదిలోని పెద్ద ప్రదర్శనను తరచుగా ఆ సమయానికే సిద్ధం చేసుకుంటాయి. రద్దీని భరించగలిగితే అక్టోబరే శ్రేష్ఠం. డిసెంబరు, జనవరి నెలల్లో సాయంత్రం ఐదు గంటలకే చీకటి పడుతుంది. పగటి వెలుగు మీద ఆధారపడిన హాళ్లలో అప్పటి అనుభవం వేరుగా ఉంటుంది. పైగా ఎత్తయిన పాత కర్మాగారాల్లో చలి కూడా ఎక్కువే.

నాలుగవ మెట్టు: ప్రదర్శన నడుస్తోందని రూఢి చేసుకోండి

ఈ మెట్టును దాటవేయకూడదు. ఇది సొంత సేకరణను ఎప్పుడూ ప్రదర్శనలో ఉంచే మ్యూజియం లాంటి వ్యవహారం కాదు. ఒక ప్రదర్శన ముగిశాక దాన్ని విప్పి, గోడలు పూసి, తరువాతిది అమర్చడానికి వారాలు పడుతుంది. ఆ వ్యవధిలో తలుపులు మూసి ఉంటాయి. గూగుల్ మ్యాప్స్ మాత్రం ఆ రోజుల్లో కూడా ‘తెరిచి ఉంది’ అనే చూపించవచ్చు, ఎందుకంటే అందులో చాలాసార్లు ఉండేది వారపు పనివేళలే. కాబట్టి సంస్థ సొంత వెబ్‌సైటులో ప్రదర్శన ప్రారంభ, ముగింపు తేదీలు చూడండి. ఫ్రెంచి పేజీ మాత్రమే ఉంటే, ‘ఎన్ కూర్’ అనే శీర్షిక కింద ఉన్నది ప్రస్తుతం నడుస్తున్నదని, ‘ఆ వెనీర్’ కింద ఉన్నది ఇంకా రావలసినదని గుర్తు. ‘స్యుర్ రాందేవూ’ అని ఉంటే ముందుగా సమయం తీసుకోనిదే లోపలికి పంపరు. విమానాశ్రయం పక్కన ఉన్న గ్యాలరీ వంటి దూరపు స్థలాలకు వెళ్లే ముందు ఇది ప్రత్యేకంగా చూసుకోవాలి. పెరిన్యీలో దుబ్యూఫే కట్టిన ‘క్లోజ్రీ ఫాల్బాలా’ వంటి స్థలాలకు అపాయింట్‌మెంటు తప్పనిసరి.

సంస్థ ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలో తాజా పోస్టు చూడటం కూడా మంచి పద్ధతి. హఠాత్తుగా వచ్చే మూసివేతలు చాలాసార్లు ముందు అక్కడే తెలుస్తాయి. ఇంకా అనుమానం ఉంటే ఒక చిన్న ఈమెయిలు పంపండి. శివారు సంస్థలకు దూరం నుంచి వచ్చే సందర్శకులు తక్కువ కాబట్టి, అవి ఇలాంటి ఉత్తరాలకు శ్రద్ధగా జవాబిస్తాయి.

సొంతంగా పథకం వేసుకోవడం ఇష్టం లేనివారికి మరో మార్గం ఉంది. పారిస్, ఈల్ ద ఫ్రాన్స్ ప్రాంతాల్లోని సమకాలీన కళాసంస్థలు కొన్ని కలిసి 1981లో ట్రామ్ అనే సంఘంగా ఏర్పడ్డాయి. ఆ సంఘం కొన్ని శనివారాల్లో టాక్సీట్రామ్ పేరుతో రెండు మూడు స్థలాలను కలుపుతూ మార్గదర్శక యాత్రలు నిర్వహిస్తుంది. వ్యాఖ్యానం ఫ్రెంచిలో ఉంటుందన్నది గుర్తుంచుకోవాలి.

ఐదవ మెట్టు: టికెట్టు, ప్రయాణం

2025 జనవరి నుంచి ఈల్ ద ఫ్రాన్స్ ప్రాంతమంతటా మెట్రో, రైలు, ఆర్‌ఈఆర్‌లకు ఒకే ధర టికెట్టు అమలులోకి వచ్చింది. ఆ ఏడాది దాని ధర 2.50 యూరోలు, బస్సు, ట్రాములకు 2 యూరోలు. ఏటా జనవరిలో ఈ ధరలు మారుతుంటాయి. దూరాన్ని బట్టి ఎక్కువ చెల్లించవలసిన పాత పద్ధతి పోవడం వల్ల శివారు యాత్రికులకు ఇది పెద్ద ఊరట. విమానాశ్రయాల టికెట్టు మాత్రం వేరు, ఖరీదైనది. ఇక్కడ ఒక మెలిక ఉంది: మెట్రో టికెట్టుతో దిగి బస్సో ట్రామో ఎక్కితే అది చెల్లదు, రెండవ టికెట్టు కావాలి. మాక్ వాల్‌కు మెట్రో, ట్రాము రెండూ ఎక్కేవారు ఈ విషయం తెలియక జరిమానా కట్టవలసి రావచ్చు. ఒకే రోజులో నాలుగైదు ప్రయాణాలు ఉంటే రోజు పాసు ధర కూడా లెక్కవేసుకోండి. వారం పాసు మీరు కొన్న రోజు నుంచి ఏడు రోజులు కాదు, సోమవారం నుంచి ఆదివారం వరకే చెల్లుతుంది.

చక్రాల కుర్చీ వాడేవారికి, పసిపిల్లల బండితో వెళ్లేవారికి మెట్రో కష్టమే. మెట్రో లైన్లలో పూర్తిగా లిఫ్టులతో అందుబాటులో ఉన్నది ప్రధానంగా 14వ లైను. ట్రాములు మాత్రం నేల మట్టానికి ఉంటాయి కాబట్టి, వారు టీ3ఏ ట్రాములో పోర్త్ ద ష్వాజీ చేరి, అక్కడ టీ9 ఎక్కి మాక్ వాల్‌కు వెళ్లడం సులభం.

శివార్లకు వెళ్లడం సురక్షితమేనా అని చాలామంది అడుగుతారు. నేను చెప్పిన స్థలాలన్నీ పగటిపూట మామూలుగా జనం తిరిగే వీధుల్లోనే ఉన్నాయి. పెద్ద నగరంలో ఎక్కడైనా ఫోను, పర్సు విషయంలో తీసుకునే జాగ్రత్త ఇక్కడా చాలు. గోదాముల మధ్య నుంచి నడవవలసిన చోట్ల చీకటి పడ్డాక దారి నిర్మానుష్యంగా ఉంటుంది, కాబట్టి చీకటి పడకముందే స్టేషనుకు తిరిగి రావడం మంచిది. ఇబ్బంది పెట్టేది నిజానికి వేరే విషయం: గ్యాలరీల పక్కన హోటళ్లు, మరుగుదొడ్లు అంతగా ఉండవు. స్టేషను దగ్గరే భోజనం ముగించుకొని బయలుదేరండి.

ఆరవ మెట్టు: తలుపు దాటడం

ప్రైవేటు గ్యాలరీ తలుపు చాలాసార్లు మూసినట్టే కనిపిస్తుంది. గేటు పక్కన బెల్లు ఉంటుంది, నొక్కితే తెరుస్తారు. లోపల ఎత్తయిన బల్ల వెనుక ఒకరిద్దరు తల వంచుకొని పని చేసుకుంటూ ఉంటారు. వారి మౌనాన్ని చిన్నచూపుగా అనుకొని సంకోచించవలసిన పని లేదు. ‘బోన్‌జూర్’ అని పలకరించడం ఫ్రాన్స్‌లో కనీస మర్యాద. ఆ ఒక్క మాట తరువాత ఇంగ్లీషులో అడిగినా సంతోషంగా జవాబిస్తారు. పలకరించకుండా నేరుగా ప్రశ్న వేస్తే మాత్రం జవాబు పొడిగానే వస్తుంది. ప్రభుత్వ సంస్థల్లో ద్వారం దగ్గర బ్యాగు తెరిచి చూపమని అడగవచ్చు. వీపు సంచిని లాకరులో పెట్టండి, లాకరు లేకపోతే ముందువైపు తగిలించుకోండి. వెనక్కి తిరిగేటప్పుడు కృతులకు తగిలేది ఎక్కువగా ఆ సంచే.

బల్ల మీద ఉన్న కాగితాన్ని తప్పక తీసుకోండి. ప్రైవేటు గ్యాలరీల్లో గోడ మీద పేర్ల చీటీలు తరచుగా ఉండవు. కాగితంలోని నక్షా, దాని మీది అంకెలే మీకు ఆధారం. ఫొటోలు తీసుకోవడానికి ఫ్లాష్ లేకుండా సాధారణంగా అనుమతిస్తారు, అయినా ఒకసారి అడగడం పద్ధతి.

ఏడవ మెట్టు: చూడటం

కాగితం చేతిలో ఉన్నా వెంటనే చదవకండి. ముందుగా ప్రదర్శన మొత్తాన్ని ఎక్కడా ఆగకుండా ఒకసారి చుట్టి రండి. ఎన్ని గదులున్నాయో, వీడియోలు ఎక్కడున్నాయో, ఏ పని (అంటే కళాకృతి) దగ్గర మీ అడుగు తనంతట తాను నెమ్మదించిందో గమనించండి. ఆ తరువాత ఆ పని దగ్గరికే తిరిగి వెళ్లి నిలబడండి. అన్నిటికీ సమానంగా సమయం ఇవ్వాలన్న నియమం ఏదీ లేదు. పెద్ద హాల్లో మూడు పనులు బాగా చూసినవారు, ముప్పై పనుల ముందు నుంచి నడిచిపోయినవారికంటే ఎక్కువ చూసినట్టే.

శివారు హాళ్లలో దూరం మీ చేతిలో ఉంటుంది, దాన్ని వాడుకోండి. ఆరు మీటర్ల చిత్రాన్ని ఇరుకు గదిలో దగ్గర నుంచి చూస్తే రంగు మాత్రమే కనిపిస్తుంది. ఇక్కడ హాలు రెండో చివరకు వెళ్లి చూడవచ్చు, తరువాత ఒక చేయి దూరం దాకా వచ్చి పూత మందాన్ని, అతికించిన గడ్డిపోచను, పగిలిన అంచును చూడవచ్చు. నేల మీద పరచిన పనుల విషయంలో జాగ్రత్త అవసరం. కొన్నిటి మీద నడవవచ్చు, కొన్నిటి మీద నడవకూడదు, చూపుతో తేల్చుకోవడం కుదరదు. అడగడం ఒక్కటే మార్గం.

భవనాన్ని కూడా చూడండి. పైన మిగిలిపోయిన క్రేను పట్టా, నేలలో యంత్రం బిగించిన గుర్తు, కిటికీల వరుస వంటివాటిని కళాకారుడు వాడుకున్నాడా, కప్పేశాడా అన్నది ఆలోచించదగిన ప్రశ్న. క్రెడాక్ లాంటి చోట కిటికీలు మూసి చీకటి చేశారంటే అది యాదృచ్ఛికం కాదు.

వీడియో కళ ఉంటే ముందుగా దాని నిడివి తెలుసుకోండి. మధ్యలో వెళ్లి రెండు నిమిషాలు చూసి వచ్చేయడం వల్ల ప్రయోజనం లేదు. మళ్లీ ఎప్పుడు మొదలవుతుందో సిబ్బందిని అడిగి, ఆలోగా మిగతా గదులు చూసి రావచ్చు.

ఇప్పుడు కాగితం చదవండి. అందులో అన్నిటికంటే ఉపయోగపడేది కళాకారుడి ఆలోచనను వివరించే గంభీరమైన పేరా కాదు, ప్రతి పని కింద ఉండే పదార్థాల వరుస. పేరు, సంవత్సరం, పదార్థం, కొలతలు అన్న క్రమంలో ఉంటుంది అది. కొలతల్లో సాధారణంగా ముందు ఎత్తు, తరువాత వెడల్పు, చివర లోతు. కాంస్యం అనుకున్నది రంగు వేసిన అట్ట అని, ఫొటో అనుకున్నది నూలు నేత అని ఆ వరుసలోనే తెలుస్తుంది. తెలిశాక పని దగ్గరికి మళ్లీ వెళ్లాలనిపిస్తుంది. చివర ఎవరి సౌజన్యమో రాసి ఉంటే, పని ఎవరి వద్ద నుంచి వచ్చిందో దాన్ని బట్టి ఊహించవచ్చు. ఫ్రెంచి పేరాకు ఫోను కెమెరా అనువాదం చాలు. ఆ పేరాలు మూలంలోనూ కొరుకుడుపడవు కాబట్టి, అర్థం కాకపోతే తప్పంతా అనువాదానిదే అనుకోనక్కర్లేదు.

ఎనిమిదవ మెట్టు: మాట్లాడటం, ధర అడగడం

కళాకేంద్రాల్లో, మాక్ వాల్‌లో సందర్శకులకు పనులను వివరించడానికే నియమించిన మీడియేటర్లు ఉంటారు. నగరం మధ్యలోని మ్యూజియాల్లో వారి చుట్టూ గుంపు ఉంటుంది. ఇక్కడ ఒక్కొక్కసారి మీరొక్కరే ఉంటారు. దీని అర్థం ఏమిటి అని అడగడం కంటే, దీన్ని ఎలా తయారుచేశారు, ఇక్కడికి ఎలా తెచ్చారు, అమర్చడానికి ఎన్ని రోజులు పట్టింది అని అడగండి. అలాంటి ప్రశ్నలకు వారు అమర్చిన రోజుల విశేషాలు చెబుతారు, అర్థం దానంతట అదే వెనుక వస్తుంది. పిల్లలతో వెళ్లేవారు మాక్ వాల్‌లో వారి కోసం జరిగే కార్యశాలల వేళలు ముందే చూసుకోవాలి.

ప్రైవేటు గ్యాలరీలో ధరల జాబితా అడగడం తప్పు కాదు. కొనే స్తోమత లేనివారూ అడగవచ్చు. ఒక పని ధర తెలియడం ఆ కళాకారుడి స్థానం గురించి కొంత చెబుతుంది. కొన్ని గ్యాలరీలు మాత్రం పెద్ద పేర్ల విషయంలో ధర చెప్పకుండా తప్పించుకుంటాయి, పట్టుబట్టవద్దు. నిజంగా ఏదైనా ఇంటికి తెచ్చుకోవాలనుకుంటే, కళాకేంద్రాలు తమ నిర్వహణ కోసం పరిమిత సంఖ్యలో ముద్రించి అమ్మే ప్రింట్ల గురించి అడగండి. అవి అసలు కృతులతో పోలిస్తే చాలా తక్కువ ధరకు దొరుకుతాయి.

ప్రారంభోత్సవ సాయంత్రాన్ని వెర్నిసాజ్ అంటారు. శివార్లలో దీనికి చాలావరకు ఆహ్వానం అవసరం లేదు. కొన్ని సంస్థలు ఆ రోజు నగరం నుంచి ఉచిత బస్సు కూడా నడుపుతాయి, సీటు ముందే నమోదు చేసుకోవాలి. కళాకారుడితో మాట్లాడాలంటే ఇదే సమయం. కృతులను చూడాలంటే మాత్రం కాదు, ఎందుకంటే జనం చేతిలో గ్లాసులతో గోడలకు వీపు పెట్టి నిలబడి ఉంటారు. వెర్నిసాజ్‌కు వెళ్లగలిగినవారు ఆ సాయంత్రం కళాకారుడి మాటలు విని, వీలైతే అదే వారంలో ఒక మామూలు మధ్యాహ్నం మళ్లీ వెళ్లాలి. వెళ్లేటప్పుడు సంస్థ ఈమెయిలు జాబితాలో పేరు రాసి వస్తే, తరువాతి ప్రదర్శన తేదీలు, బస్సు వేళలు మీకు నేరుగా వస్తాయి.